నేలకు కాలు, గాలికి అడ్డు



ఈ పూట బైకు మీద దూరాలు తిరిగేవాళ్ళ గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళు ముందు ఫెయిరింగ్, అంటే గాలిని మళ్ళించే తొడుగు, ఉన్న టూరింగ్ బండి కొనాలనుకుంటే ఏం చూసుకోవాలి, దేన్ని పట్టించుకోనక్కర్లేదు అన్నది ఇవాళ్టి విషయం.

మన దేశంలో పెద్దయిన మగవాళ్ళ సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల అయిదంగుళాలు. ఆడవాళ్ళ సగటు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. సగటే ఇదైతే అంతకన్నా తక్కువ ఎత్తున్నవాళ్ళు ఎన్ని కోట్లమందో ఊహించుకోండి. వాళ్ళకీ శ్రీశైలం ఘాటు ఎక్కాలని ఉంటుంది. అనంతగిరి మలుపులు తిరిగి అరకు చేరాలనీ, మారేడుమిల్లి అడవి దారిన వెళ్ళాలనీ, గండికోట లోయ అంచున నిలబడి పెన్నను చూడాలనీ ఉంటుంది. కానీ షోరూములో అడుగు పెట్టగానే సేల్స్ కుర్రాడు పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మీ హైటుకి అది కష్టం మేడమ్, స్కూటీ చూపించమంటారా?" అంటాడు. మగవాళ్ళకైతే అదే మాట కాస్త మర్యాదగా చెబుతాడు. దాంతో కొందరు ఆశ చంపుకుని వెనక్కి వచ్చేస్తారు. ఇంకొందరు రోషానికి పోయి, కాలు సరిగా అందని బండి కొని, దాన్ని బయటికి తియ్యడానికే జంకుతూ ఇంటిముందు కవరు కప్పి ఉంచుతారు. ఈ రెండు దారులూ మనకు అక్కర్లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళకు బండితో ఇబ్బంది వచ్చేది 80 స్పీడులో కాదు, సున్నా స్పీడులో. చక్రాలు కాస్త వేగంగా తిరుగుతున్నంతసేపు ఏ బండైనా తన నిలకడ తానే చూసుకుంటుంది. అప్పుడు మీ కాలు నేలకు అందుతుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆగిన క్షణం నుంచి ఆ బరువంతా మీ కాలి మీదికి వస్తుంది. కాబట్టి బండిని ఎంచుకునేటప్పుడు అది ఎలా పరుగెడుతుందన్న దానికంటే మీ చేతిలో ఎలా ఆగుతుంది, ఎలా కదులుతుంది, ఎలా తిరుగుతుంది అన్నదానికే ఎక్కువ మార్కులు వెయ్యండి.

ముందు ఫెయిరింగ్ ఎందుకో చూద్దాం. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం స్పీడుతో పాటు వరసగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. 40లో ఉన్నప్పుడు ఛాతీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో 80కి వచ్చేసరికి దానికి నాలుగు రెట్లవుతుంది. నాలుగు వరసల రోడ్డు మీద మన ద్విచక్ర వాహనాలకు కేంద్రం పెట్టిన పరిమితి 80. మీరు ఆ పరిమితి దాటకపోయినా, నెల్లూరు, ఒంగోలు దారిలో గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తోందనుకోండి, మీ ఒంటికి తగిలేది 100 స్పీడు గాలి. అంటే ఒత్తిడి 80 దగ్గర ఉండే దానికి ఒకటిన్నర రెట్ల పైనే. గంటల తరబడి ఆ గాలికి ఎదురు నిలవాలంటే హ్యాండిలు గట్టిగా పట్టుకోవాలి, మెడ బిగబట్టాలి, నడుము బిగించాలి. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. ఆ అలసటతోనే తప్పులు జరుగుతాయి. గాలిని పక్కకి, పైకి మళ్ళించి మన ఛాతీ ముందు కాస్త నెమ్మదైన చోటు కల్పించడమే ఫెయిరింగ్ పని.

ఇది చాలాకాలంగా పరీక్షకు నిలిచిన విద్య. ఇటలీలో మోటో గుజ్జి కంపెనీ 1950లోనే బళ్ళను పరీక్షించడానికి సొంత విండ్ టన్నెల్ కట్టుకుంది. 1976లో బీఎండబ్ల్యూ ఆర్ 100 ఆర్‌ఎస్ అనే బండిని తెచ్చింది. దాని ఫెయిరింగ్‌ను విండ్ టన్నెల్లో గాలి పోకడ చూసి దిద్దారు. దూరప్రయాణాల బండికి ఒళ్ళు కప్పే ఫెయిరింగ్ ఉండాలన్న ఆలోచన ఆ బండితో బాగా పాతుకుంది. మన దగ్గర 2003లో వచ్చిన కరిజ్మా సగం ఫెయిరింగ్‌తోనే ఒక తరాన్ని హైవే ఎక్కించింది. ఆ తర్వాత పల్సర్ 220, 2011లో సీబీఆర్ 250ఆర్ వచ్చాయి. ఇవాళ సగం ఫెయిరింగ్, పూర్తి ఫెయిరింగ్, వట్టి వైజరు అద్దం ఉన్న బళ్ళు అన్నీ దొరుకుతున్నాయి. చిక్కల్లా వీటిలో మీ ఒంటికి సరిపడేది ఏదో తేల్చుకోవడమే.

అందరూ ముందు చూసేది సీటు ఎత్తు. 800 మిల్లీమీటర్లు, 825, 835 అని కంపెనీలు రాస్తాయి. ఆ అంకె ముఖ్యమే గానీ, దాన్ని పోల్చాల్సింది మీ మొత్తం ఎత్తుతో కాదు, మీ కాలి లోపలి పొడవుతో. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. అట్ట ఉన్న పుస్తకం ఒకటి రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నట్టు పైకి గట్టిగా నొక్కిపట్టండి. పుస్తకం పైఅంచు గోడకు తగిలేచోట పెన్సిలు గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత వరకు ఉన్నదే మీ కొలత. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఈ కొలతలో రెండు మూడు అంగుళాల తేడా ఉండొచ్చు. అందుకే, "నా ఎత్తే ఉన్న మా స్నేహితుడికి సరిపోయింది కదా" అన్న లెక్క పనికిరాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. అయిదడుగుల రెండంగుళాల మనిషి, కాలి కొలత 72 సెంటీమీటర్లు. సీటు ఎత్తు 80. పైకి చూస్తే 8 సెంటీమీటర్లు తక్కువ. కానీ మనం కూర్చోగానే సస్పెన్షన్ రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. మంచి రైడింగ్ బూటు అడుగు రెండున్నర సెంటీమీటర్లు కలుపుతుంది. మిగిలిన తేడా మూడు సెంటీమీటర్ల దాకా. మడమ కొంచెం లేపితే పాదం ముందుభాగం రెండు వైపులా నేలకు ఆనుతుంది. షోరూములో 'కష్టం' అన్న బండే ఇప్పుడు చేతికి అందే దూరంలోకి వచ్చింది.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది సీటు వెడల్పు. కాళ్ళు తిన్నగా కిందికి దిగవు, సీటు చుట్టూ తిరిగి దిగాలి. టాంకు దగ్గర సీటు సన్నగా ఉంటే 81 సెంటీమీటర్ల ఎత్తున్న బండి మీద కూడా కాలు హాయిగా అందుతుంది. వెడల్పుగా ఉంటే 79 మీద కూడా తొడలు విచ్చుకుపోయి వేళ్ళ మీద నిలబడాల్సి వస్తుంది. ఈ సంగతి కంపెనీ కాగితంలో ఉండదు, కూర్చుంటేనే తెలుస్తుంది. రెండోది మీ బరువు. ఎత్తు తక్కువవాళ్ళు చాలాసార్లు బరువూ తక్కువ ఉంటారు. 75 కిలోల మనిషికి మూడు సెంటీమీటర్లు దిగే స్ప్రింగు 50 కిలోల మనిషికి అంత దిగదు. వెనక షాకబ్జార్బరు ప్రీలోడు, అంటే స్ప్రింగు బిగింపు, తక్కువలో పెట్టించి చూడండి. తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది.

సీటు ఎత్తు తర్వాత బరువు. నిజం చెప్పాలంటే, నా లెక్కలో బరువుదే మొదటి స్థానం. ఎందుకంటారా? కాలు పూర్తిగా ఆనేవాళ్ళు బండిని నిటారుగా నిలబెట్టుకుని ఆగుతారు. నిటారుగా ఉన్న బండి ఎంత బరువున్నా వేలితో ఆపొచ్చు. మునివేళ్ళ మీద ఆగేవాళ్ళకు ఆ వీలు లేదు. కాలు అందడానికి బండి కాస్త ఒరగాల్సిందే. 200 కిలోల బండి పది డిగ్రీలు ఒరిగితే, హ్యాండిలు దగ్గర మనం ఆపాల్సిన బలం సుమారు 17 కిలోలు. ఇరవై డిగ్రీలకు అది రెట్టింపవుతుంది. ముప్పై డిగ్రీలకు వచ్చేసరికి యాభై కిలోలు. అక్కడిదాకా వచ్చాక బండిని ఆపబోవడం కంటే వదిలెయ్యడమే మంచిది, నడుమైనా మిగులుతుంది. అదే బండి 160 కిలోలుంటే ప్రతి డిగ్రీ దగ్గరా ఐదో వంతు భారం తగ్గుతుంది. తేలికైన బండి ఒరగడం మొదలైనా దాన్ని తిరిగి లేపుకోవడానికి మనకు ఇంకో అరక్షణం దొరుకుతుంది.

కొన్ని అంకెలు చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ఫెయిరింగ్ ఉన్నవాటిలో బజాజ్ పల్సర్ ఎఫ్250 సీటు 795 మిల్లీమీటర్లు, బరువు 164 కిలోలు. సుజుకి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 సీటు 800, బరువు 161. కొత్త కరిజ్మా ఎక్స్‌ఎంఆర్ సీటు 810, బరువు 163 కిలోల పైచిలుకు. అపాచీ ఆర్‌ఆర్ 310 సీటు 810, బరువు 174. వట్టి వైజరు అద్దం ఉన్న డామినార్ 400 సీటు 800 ఉన్నా బరువు 193. అడ్వెంచర్ బళ్ళలోకి వస్తే సుజుకి వి-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ సీటు 835, హిమాలయన్ 450 సీటు 825. హిమాలయన్‌కు కంపెనీ తక్కువ ఎత్తు సీటు విడిగా ఇస్తుంది, దాంతో 805కి దిగుతుంది. ఇక రెండో కొస చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 సీటు 740 మాత్రమే. చాలామందికి పాదాలు రెండూ పూర్తిగా ఆనుతాయి. బరువు మాత్రం 241 కిలోలు. కాలు ఆనుతుంది కదా అని దాన్ని కొంటే, మట్టి దిబ్బ పక్కన పార్కింగులోంచి వెనక్కి లాగాల్సి వచ్చినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఈ అంకెలు మోడల్ మారినప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతాయి. కొనేరోజున షోరూములో మళ్ళీ అడిగి చూసుకోండి.

ఇప్పుడు షోరూముకు వెళ్దాం. టెస్ట్ రైడు బండిలో సాధారణంగా లీటరో రెండు లీటర్లో పెట్రోలు ఉంటుంది. టాంకు నిండా 17 లీటర్లు పోస్తే 12 కిలోల పైనే బరువు చేరుతుంది, అదీ బండి పైభాగంలో. మీ చేతికి తేలికగా అనిపించిన బండి నిండు టాంకుతో, సైడు బ్యాగులతో మరో బండిలా ప్రవర్తిస్తుంది. అది మనసులో పెట్టుకుని చూడండి. స్టార్టు చెయ్యకముందే ఈ పనులు చెయ్యండి. ప్రయాణంలో వేసుకునే బూట్లే వేసుకుని వెళ్ళండి. సైడు స్టాండు మీద ఉన్న బండిని ఎడమ వైపు నుంచి ఎక్కి, నిటారుగా లేపి, స్టాండు తియ్యండి. మీ అంతట మీరు, సేల్స్ కుర్రాడు వెనక పట్టుకోకుండా. తర్వాత దిగి, బండి పక్కన నిలబడి పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కి నెట్టండి. ఆ తర్వాత సీటు మీద కూర్చుని కాళ్ళతోనే వెనక్కి జరపండి. మునివేళ్ళతో ముందుకు జరపడం తేలికే. వెనక్కి జరపడంలోనే మీకు ఎంత పట్టుందో బయటపడుతుంది. చివరికి హ్యాండిలు ఒక పక్కకి పూర్తిగా తిప్పి చూడండి. తిరిగిన పక్కకు అవతలి వైపు చెయ్యి చాచితే హ్యాండిలు అందాలి, నడుము సీటు మీంచి లేవకూడదు.

ఈ హ్యాండిలు సంగతి ఫెయిరింగ్ బళ్ళకు ప్రత్యేకం. ఫెయిరింగ్‌కు తగలకుండా ఉండాలని చాలా బళ్ళలో హ్యాండిలు తిరిగే కోణం తగ్గిస్తారు. అందువల్ల యూటర్నుకు ఎక్కువ చోటు కావాలి. మామూలు బండి ఒక్క ఊపున తిరిగే పల్లెటూరి తారురోడ్డు మీద ఇది తిరగదు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు అనాలి. పొడుగువాళ్ళకు అది విసుగు. పొట్టివాళ్ళకు మూడుసార్లు బ్యాలెన్సు పరీక్ష. కొనేముందు ఖాళీ చోట ఒక యూటర్ను కొట్టి చూడకుండా సంతకం పెట్టకండి.

ఒక పెట్రోలు బంకు తలుచుకోండి. హైవే పక్కన, రోడ్డు కంటే కొంచెం పల్లంలో ఉంది. ముందు కంకర, ఆ తర్వాత సిమెంటు ప్లాటుఫారం, దాని మీద కారిన డీజిలు మరక. వెనక పెట్టె, రెండు పక్కలా బ్యాగులు. ముందున్న కారు సగం కదిలి ఆగింది, మీరూ ఆగాలి. ఎడమ కాలు దించే చోట కంకర ఉంది. ఇలాంటప్పుడు చూపు కంకర మీద ఉండకూడదు. రెండు సెకన్ల ముందే, ఎక్కడ ఆగాలో మనమే నిర్ణయించుకోవాలి. నేల గట్టిగా, కాస్త ఎత్తుగా ఉన్న చోటు ఎంచుకోవాలి. హ్యాండిలు తిన్నగా ఉంచి, ముందు బ్రేకు వదిలేసి, వెనక బ్రేకుతో ఆగాలి. నడుము సీటు మీద ఎడమకి జరిపి, ఎడమ పాదం పూర్తిగా ఆనించి, కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంచాలి. రెండు పక్కలా మునివేళ్ళ మీద వేలాడటం కంటే ఒక పక్క నిండు పాదం ఎంతో నయం. ఇది అభ్యాసంతో వచ్చే పని. స్కూలు మైదానంలో ఓ వారం సాయంత్రాలు సాధన చేస్తే ఒంటికి పట్టేస్తుంది.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు ఈ సాధన మరీ ముఖ్యం. ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. విజయవాడ వెళ్ళాలంటే ముందు ఎల్బీ నగర్, హయత్‌నగర్ లాంటి చోట్ల ఆగుతూ, కదులుతూనే ఊరు దాటాలి. ఏ ప్రయాణమైనా మొదలయ్యేదీ ముగిసేదీ ఆ సున్నా స్పీడులోనే.

ఇక ఫెయిరింగ్ మీ ఒంటికి సరిపోతుందా అన్నది. ఇక్కడ మన ఎత్తు మనకు మేలు చేస్తుంది. కంపెనీలు ఇచ్చే అద్దం పొడుగు మనిషికి ఛాతీ దాకానే గాలి ఆపితే మనకు భుజాల దాకా ఆపుతుంది. అందుకని ఎత్తైన అద్దం విడిగా కొని వేయించుకోమంటే వెంటనే ఒప్పుకోకండి. మీరు మామూలుగా కూర్చున్నప్పుడు అద్దం పైఅంచు మీ గడ్డానికీ ముక్కుకూ మధ్య ఎత్తులో ఉండాలి. రోడ్డును అద్దం పైనుంచి చూడాలి, అద్దంలోంచి చూడకూడదు. వానలో నీళ్ళు కారే అద్దం, సాయంత్రం పురుగులు అంటుకున్న అద్దం, ఎదురు లారీ లైటు పడి మెరిసే అద్దం, వీటి గుండా గుంతను గుర్తుపట్టడం అసాధ్యం. పొట్టివాళ్ళకు పెద్ద అద్దం వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే.

అద్దం పైఅంచు నుంచి గాలి సుడులు తిరుగుతూ లేస్తుంది. ఆ సుడి సరిగ్గా హెల్మెట్ ఎత్తులో తగిలితే తల గడగడా ఊగుతుంది, చెవుల్లో హోరు మొదలవుతుంది. ఫెయిరింగ్ లేని బండే నయమనిపిస్తుంది. టెస్ట్ రైడులో దీన్ని కనిపెట్టడం తేలిక. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక నిలకడ స్పీడులో వెళ్తూ తల నాలుగంగుళాలు కిందికి దించి చూడండి. హోరు తగ్గిందా, మీకు ఇంకొంచెం ఎత్తైన అద్దం కావాలి. దించితే పెరిగి, ఫుట్‌రెస్టుల మీద కొద్దిగా లేస్తే తగ్గిందా, ఉన్న అద్దమే మీకు ఎక్కువ, పొట్టిది వేయించాలి. ఎత్తు సర్దుకునే అద్దమైతే మరీ మంచిది. హ్యాండిలు కూడా చూడండి. పూర్తి ఫెయిరింగ్ బళ్ళలో కొన్ని రేసు బండి పోలికతో చేసినవి. వాటి మీద చేతులు చిన్నగా ఉన్నవాళ్ళు టాంకు మీద వాలిపోవాలి, బరువంతా మణికట్ల మీద పడుతుంది. మోచెయ్యి కొద్దిగా వంగి ఉండగా చెయ్యి సుఖంగా అందే బండే దూరానికి పనికొస్తుంది.

మన ఎండల సంగతీ చెప్పుకోవాలి. రామగుండం, విజయవాడ వేసవిలో గాలే మంటలా ఉంటుంది. గాలి మన ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు అది ఎంత తగిలితే అంత నీరసం. అప్పుడు ఛాతీకి ఫెయిరింగ్ అడ్డుండటం మేలే. కానీ పూర్తి ఫెయిరింగ్ కొన్ని బళ్ళలో రేడియేటరు వేడిని తెచ్చి పిక్కల మీద వదులుతుంది, ముఖ్యంగా ట్రాఫిక్కులో ఫ్యాను తిరుగుతున్నప్పుడు. టెస్ట్ రైడు మధ్యాహ్నం చెయ్యండి, చల్లటి ఉదయం పూట వద్దు. పక్కగాలి ఇంకో విషయం. పూర్తి ఫెయిరింగ్‌కు పక్కల వైశాల్యం ఎక్కువ కాబట్టి వంతెనల మీద, పెద్ద బస్సు దాటిపోయినప్పుడు బండిని ఒక పక్కకి నెట్టినట్టవుతుంది. తేలికైన బండి, తేలికైన మనిషి అయితే అది ఇంకాస్త తెలుస్తుంది. హ్యాండిలు వదులుగా పట్టుకుని, మోకాళ్ళతో టాంకు బిగిస్తే బండి తనే సర్దుకుంటుంది. ఇదంతా చూస్తే, 150 నుంచి 165 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్ళకు సగం ఫెయిరింగ్, లేదా హ్యాండిలు ఎత్తుగా ఉండే పూర్తి ఫెయిరింగ్, 170 కిలోల లోపు బరువు, ఇదీ నా సలహా.

నచ్చిన బండి అన్నివిధాలా బాగుండి ఒక్క రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే ఏం చెయ్యాలి? మొదట కంపెనీ ఇచ్చే తక్కువ ఎత్తు సీటు ఉందేమో అడగండి. లేకపోతే సీటు కుట్టేవాళ్ళ దగ్గర ఫోము కోయించవచ్చు. మధ్యలో లోతుగా కాకుండా, ముందు రెండు అంచులు సన్నం చేయిస్తే ఫోము మందం పోకుండానే కాళ్ళు దిగే దారి చిన్నదవుతుంది. మరీ పల్చగా కోయిస్తే వంద కిలోమీటర్లకే కింద పలక తగులుతుంది. ఆ తర్వాతి మార్గం బండినే కిందికి దించడం. వెనక లింకు మార్చడం, ముందు ఫోర్కులు క్లాంపుల్లో పైకి జరపడం లాంటివి. దీన్ని చివరి మార్గంగా ఉంచుకోండి. వెనక మాత్రమే దించితే బండి తిరిగే తీరు మారిపోతుంది, హెడ్‌లైటు వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలోకి లేస్తుంది. స్పీడు బ్రేకర్ల మీద అడుగు రాసుకుంటుంది. సైడు స్టాండు పాత పొడవే ఉంటుంది కాబట్టి బండి మరీ నిటారుగా నిలబడి, చిన్న గాలికే అవతలికి పడిపోవచ్చు. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మార్చే పనులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు చెబుతుంది. సీటుతో, బూటుతో, ప్రీలోడుతో సరిపోయే బండినే ఎంచుకోవడం అన్నిటికన్నా క్షేమం.

ఫెయిరింగ్ బండి నిలబడ్డ చోటే పడిపోయినా ఖర్చే. ప్లాస్టిక్ పలకలు పగులుతాయి, వాటిని పట్టుకునే చిన్న చెవులు విరుగుతాయి. కొన్న రోజే ఇంజను పక్కల క్రాష్ గార్డో స్లైడర్లో వేయించండి. ముందు పలక ధర ఎంతో కొనకముందే స్పేరు పార్టుల కౌంటరులో అడగండి. ఇంజను సైజు విషయంలోనూ జేబు చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, ఆ పైన 40 శాతం. 80 స్పీడు దాటని రోడ్లకు 250 సీసీ బండి నిండుగా సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచి హెల్మెట్, జాకెట్, బూట్ల మీద పెట్టండి.

రోజువారీ అలవాట్లు రెండు చెబుతాను. పార్కింగులో ముక్కు పల్లం వైపు పెట్టి ఎప్పుడూ ఆపకండి. పల్లంలోంచి వెనక్కి ఎక్కించడం మునివేళ్ళ మీద నిలబడే మనిషికి అయ్యే పని కాదు. వెనక చక్రం పల్లం వైపు ఉండేలా ఆపితే, బయల్దేరేటప్పుడు ఇంజనే మోస్తుంది. రెండోది, బరువైన సామాను అడుగున, మధ్యకి దగ్గరగా సర్దండి. వెనక పెట్టె మీద ఎత్తుగా కట్టిన మూట కాలు విసిరి ఎక్కడానికీ అడ్డే, ఆగినప్పుడు బ్యాలెన్సుకూ అడ్డే.

ఎత్తు తక్కువ అయితే ఏదో లోపమన్నట్టు మాట్లాడేవాళ్ళకు డానీ పెడ్రోసా పేరు చెప్పండి. స్పెయిన్ దేశపు ఈ రేసరు ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. 125 సీసీలో ఒకసారి, 250 సీసీలో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆపైన అన్నిటికన్నా పెద్ద తరగతిలో 31 రేసులు గెలిచాడు. అతని బండిని అతని ఒంటి కొలతకు అమర్చి ఇచ్చారు. మనకు కావలసిందీ అదే. మన ఊరి మాట చెప్పాలంటే, 2018లో హైదరాబాద్ నుంచి జయభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి వచ్చారు. ఆమె ఆ తర్వాత ఆడవాళ్ళకు బండి నేర్పే పనికి పూనుకున్నారు. దారి తెలిసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు.

చివరగా బళ్ళు చేసేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ ఒక మాట. దేశంలో సగటు మహిళ ఎత్తు 152 సెంటీమీటర్లు. 835 మిల్లీమీటర్ల సీటుతో బండి తెచ్చినప్పుడు దానితో పాటే తక్కువ ఎత్తు సీటు కూడా తయారు చెయ్యండి. దాన్ని కేటలాగులో బొమ్మగా వదిలెయ్యకుండా షోరూములో ఒక బండికి బిగించి ఉంచండి. కొనేవాళ్ళు కూర్చుని చూస్తేనే కదా తెలిసేది. కొనేవాళ్ళు కూడా మొహమాటపడకండి. సీటు మార్చి చూపించమనండి, ప్రీలోడు తగ్గించమనండి, యూటర్ను కొట్టడానికి చోటు చూపించమనండి. లక్షలు పెట్టి కొనేది మీరు. బండి మీకు సరిపడాలి, మీరు బండికి కాదు. కాలు నేల మీద నమ్మకంగా ఆనిన రోజున, ఇంటి నుంచి ఎంత దూరమైనా మీ దూరమే.